ఎన్ని నిమిషాలు కడగాలి? – ఆన్సెల్ ఆడమ్స్ ‘ది నెగటివ్’ గురించి

బ్లాక్ అండ్ వైట్ షీట్ ఫిల్ముతో పని మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: “దీన్ని ఎన్ని నిమిషాలు కడగాలి?” జవాబు కంపెనీవాళ్ళ పట్టికలోనే ఉంటుంది. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముని, ఐడీ-11 డెవలపర్లో సమానంగా నీళ్ళు కలిపి, 20 డిగ్రీల దగ్గర కడిగితే 13 నిమిషాలు. అయినా ఆ ప్రశ్న అక్కడితో ఆగదు. ఒకరు 13 అంటే ఇంకొకరు 10 అంటారు, మరొకరు 9 అంటారు. ముగ్గురి దగ్గరా మంచి ప్రింట్లే ఉంటాయి.

ఈ ప్రశ్నకి ఒక పుస్తకం మొత్తాన్ని జవాబుగా రాసినాయన ఆన్సెల్ ఆడమ్స్. ‘ది నెగటివ్’ మొదట 1948లో వచ్చింది. రాబర్ట్ బేకర్ సహాయంతో ఆయన దాన్ని మళ్ళీ రాసి 1981లో ప్రచురించారు. ముందు ‘ది కెమెరా’ (1980), తర్వాత ‘ది ప్రింట్’ (1983), మధ్యలో ఇది. నేను చదివింది 1981 నాటి రూపం. కథలూ కవిత్వమూ మాట్లాడుకునే చోట రసాయనాల పుస్తకం గురించి ఎందుకు అని అడగొచ్చు. ఇది పైకి కనిపించినంత రసాయనాల పుస్తకం కాదు. దేన్ని కనపడనివ్వాలి, దేన్ని వదులుకోవాలి అన్న నిర్ణయం ఎవరు తీసుకుంటారు, ఎప్పుడు తీసుకుంటారు అన్నది దీని అసలు విషయం. ఆ విషయం దగ్గర పుస్తకం ఎంత బలమైనదో, ఒక మలుపులో అంత మౌనంగానూ ఉంటుంది. ఆ రెండింటి గురించీ చెప్పాలని ఈ వ్యాసం.

ముందు అసలు సంగతి. షీట్ ఫిల్మంటే రీలు కాదు. పోస్టుకార్డు కంటే కాస్త వెడల్పుగా, నాలుగంగుళాలు బై అయిదంగుళాలు ఉండే విడి రేకు. చీకట్లో వేలితో తడిమి గుర్తుపట్టడానికి దాని అంచు మీద చిన్న గంట్లు ఉంటాయి. ఒక్కో హోల్డర్లో అటొకటి ఇటొకటి, రెండే షీట్లు. రీల్లో 36 బొమ్మలుంటే ముప్ఫయ్యారింటినీ ఒకేసారి, ఒకేలా కడగాలి. షీట్ అలా కాదు. ఒక్కోదానికి ఒక్కో సమయం ఇవ్వొచ్చు. అందుకే “ఎన్ని నిమిషాలు” అన్న ప్రశ్నకి షీట్ ఫిల్ము దగ్గర వచ్చినంత బరువు ఇంకెక్కడా రాదు.

మన స్టూడియోల్లో డెవలప్ చెయ్యడాన్ని ‘కడగడం’ అంటారు. వాడుకలో హాయిగా ఉన్న మాటే గానీ, జరిగే పనికి ఇది సగం వ్యతిరేకం. కడిగితే ఏదో పోవాలి, ఇక్కడ మాత్రం ఏదో పుడుతుంది. వెలుగు తగిలిన చోట డెవలపర్ వెండిని నల్లగా బయటికి తెస్తుంది. నీడలు తగిలిన చోట వెలుగు తక్కువ, అక్కడ పుట్టాల్సిన వెండీ తక్కువే. అది మొదటి కొన్ని నిమిషాల్లోనే చాలావరకు వచ్చేస్తుంది, తర్వాత పెద్దగా పెరగదు. వెలుగులు అలా కాదు, నిమిషం నిమిషానికీ పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి నీడల్లో వివరం ఉండాలంటే కెమెరా దగ్గరే తగినంత వెలుగు ఇచ్చి ఉండాలి, ఎంతసేపు కడిగినా తర్వాత రాదు. వెలుగులు ఎంత ఎత్తుకి ఎక్కాలన్నది మాత్రం ట్రే దగ్గర గడియారం చూసి నిర్ణయించుకోవచ్చు. ఎక్స్‌పోజర్ నీడలకి, డెవలప్‌మెంట్ వెలుగులకి. ఫోటోగ్రఫీలో చాలామంది మంత్రంలా చెప్పే మాట ఇది. ఆడమ్స్ దీన్ని కనిపెట్టలేదు. ఇంగ్లండులో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు, ఒకాయన రసాయన శాస్త్రవేత్త, ఇంకొకాయన ఇంజనీరు, సరదాగా ఫోటోలు తీసుకుంటూ, ఎంత వెలుగుకి ఎంత నలుపో 1890లోనే గీత గీసి చూపించారు. ఆడమ్స్, ఆయన సహచరుడు ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో లాస్ ఏంజిలిస్‌లో పాఠాలు చెప్తూ చేసింది, ఆ గీతని ఫోటో తీసేవాడి నోటికొచ్చే భాషలోకి మార్చడం. అదే జోన్ సిస్టమ్.

నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న మెట్లని 0 నుంచి 10 వరకు లెక్కపెడతారు. ఒక్కో మెట్టుకీ వెలుగు రెట్టింపు. 3 అంటే వివరమున్న నీడ, 5 అంటే సరిగ్గా మధ్య బూడిదరంగు, 8 అంటే ఇంకా కాస్త నేత కనిపించే తెలుపు, 10 అంటే ఉత్త కాగితం. మీటరు దేన్ని చూసినా 5 అనే చెప్తుంది. నల్ల గేదెని చూపించినా 5, తెల్ల సున్నం గోడని చూపించినా 5. దాన్ని ఏ మెట్టు మీద పెట్టాలో మీరు చెప్పాలి. 8 దగ్గర పడాల్సింది 10కి ఎగిరిపోతోందంటే తక్కువసేపు కడిగి కిందికి దించుతారు. 6 దగ్గరే కూలబడిందంటే ఎక్కువసేపు కడిగి పైకి ఎక్కిస్తారు.

ఇప్పుడు ‘సరైన సమయం’ ఎలా తెలుస్తుంది? పుస్తకం చెప్పే పద్ధతిలో నాకు నచ్చింది దాని నడక వెనక్కి ఉండటం. ప్రింటులో 8వ మెట్టు ఎలా ఉండాలో ముందు తేల్చుకోవాలి. అది అలా రావాలంటే నెగటివ్ మీద అక్కడ ఎంత నలుపు పేరుకోవాలి? మెత్తటి వెలుగునిచ్చే డిఫ్యూజన్ ఎన్‌లార్జర్ వాడేవాళ్ళకి సుమారు 1.25 నుంచి 1.35 మధ్య సాంద్రత అని ఆడమ్స్ అంటాడు. కండెన్సర్ ఎన్‌లార్జర్ అయితే 1.15 నుంచి 1.25. ఇక ఒకే గోడని 8వ మెట్టు మీద పెట్టి నాలుగైదు షీట్లు తీసి, ఒక్కోదాన్ని ఒక్కో సమయం కడిగి, ఏది ఆ అంకెకి దగ్గరగా వస్తే అదే మీ సమయం. ఏం కావాలో ముందు రాసుకుని, అది వచ్చేదాకా వెనక్కి పనిచెయ్యడం సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అలవాటైన దారే.

నేను మా బాత్రూమ్‌లో ఇది చేసినప్పుడు హెచ్‌పీ5కి 13 కాదు, 11 నిమిషాలు వచ్చింది. ఇందులో మాయ ఏమీ లేదు. నేను ట్రేలో ఆపకుండా కదుపుతాను, కంపెనీ లెక్క ఉండుండి కదిపే ట్యాంకుది. నా ఎన్‌లార్జర్ వేరు, థర్మామీటరు వేరు. హైదరాబాదు మే నెలలో కుళాయి నీళ్ళు 30 దాటతాయి. 20 డిగ్రీలకి రాసిన పట్టిక అక్కడ నేరుగా పనికిరాదు. వేడి పెరిగేకొద్దీ సమయం తగ్గించుకుంటూ పోతే అయిదు నిమిషాల లోపుకి వచ్చేస్తుంది, అంత తక్కువలో మచ్చలు పడే ప్రమాదం. అందుకని ట్రే కింద ఇంకో పెద్ద ట్రే, అందులో ఐసు ముక్కలు. ఇవన్నీ కలిస్తే వచ్చింది ఆ 11. అంటే అది హెచ్‌పీ5 గుణం కాదు. మా ఇల్లు, నా చెయ్యి, నా ప్రింటు, మూడూ కలిసిన లెక్క.

ఇంతవరకు పుస్తకంతో నాకు పేచీ లేదు. పేచీ దాన్ని చదివే పద్ధతితో మొదలవుతుంది. ఈ పరీక్షలన్నీ ఆడమ్స్ ఎక్కడ పెట్టాడు? చివర్న, అనుబంధంలో. మొదటి అధ్యాయం దేని గురించి? విజువలైజేషన్ గురించి. అంటే షట్టర్ నొక్కే ముందే ప్రింటుని మనసులో చూడటం గురించి. మధ్యలో మిగతా అధ్యాయాలన్నీ ఉన్నాయి. కానీ నాలాంటి ఇంజనీర్లు చాలామంది ఈ పుస్తకాన్ని వెనకనుంచి తెరుస్తారు. అక్కడ అంకెలున్నాయి, గీతలున్నాయి, తప్పో ఒప్పో తేలే పరీక్షలున్నాయి. డెన్సిటోమీటరు కొని, గోడల్ని ఫోటోలు తీసి, 1.28 వచ్చిందా 1.31 వచ్చిందా అని నెలల తరబడి తేల్చుకునేవాళ్ళున్నారు. ఈనాటి మల్టీగ్రేడ్ కాగితంతో ఫిల్టర్ మార్చి కాంట్రాస్ట్‌ని 00 నుంచి 5 దాకా జరుపుకోవచ్చు. ఆ కాగితం ముందు 0.03 తేడాకి అర్థం లేదు. ఆడమ్స్ తానే అధ్యాయాల వరసతో చెప్పిన మాటని పాఠకుడు తిరగేసి వినడం పూర్తిగా ఆడమ్స్ తప్పు కాదు. కాకపోతే ఆయన వచనం కూడా అందుకు కొంత సాయం చేస్తుంది. అంకెల దగ్గర ఆయన వాక్యం గట్టిగా, నమ్మకంగా ఉంటుంది. చూడటం గురించి మాట్లాడేటప్పుడు కాస్త గాలిలోకి వెళ్తుంది. పాఠకుడు గట్టినేల ఎక్కడుంటే అక్కడే నిలబడతాడు.

అంకెలు లేకుండా మహానుభావులు పనిచెయ్యలేదా అంటే, ఆడమ్స్ పక్కనే ఉన్నాడు ఎడ్వర్డ్ వెస్టన్. ఇద్దరూ 1932లో మొదలైన గ్రూప్ ఎఫ్/64లో సభ్యులే. వెస్టన్ పైరో డెవలపర్లో, బాగా మసకైన ఆకుపచ్చ దీపం కింద, నెగటివ్‌ని కాసేపు పైకెత్తి చూసి, చాలు అనిపించినప్పుడు ఆపేసేవాడు. అంతకుముందు తరానికి అదే మామూలు దారి. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కాలపు గాజు పలకలకి ఎరుపు వెలుగు సోకదు. ఎర్ర దీపం పెట్టుకుని బొమ్మ తేలడం కళ్ళారా చూస్తూ ఆపొచ్చు. దీన్‌దయాళ్ చదువు కూడా ఇంజనీరింగే, రూర్కీలో. అన్ని రంగులూ చూసే పాంక్రొమాటిక్ ఫిల్మ్ వచ్చాక గది పూర్తిగా చీకటైపోయింది. కన్ను చేసే పనిని గడియారానికి అప్పగించాల్సి వచ్చింది. నిమిషాల మీద మనకింత పట్టుదల ఎందుకంటే, చూడలేం కాబట్టి. ఈ చరిత్ర పుస్తకంలో ఇంకాస్త ఉండుంటే, సమయం అనేది చూపుకి బదులుగా వచ్చిన చేతికర్ర అని పాఠకుడికి తెలిసేది.

ఇక అసలు పేచీ. మెట్లు ఎలా గుర్తుపట్టాలో చెప్పే పట్టిక ఒకటుంది ఇందులో. దాంట్లో 6వ మెట్టు దగ్గర, ఎండలో సగటు తెల్లవాడి చర్మం. 5 దగ్గర నల్లని చర్మం, బూడిదరంగు రాయి, ఎండకి వానకి పాతబడ్డ చెక్క. 7 దగ్గర ఇంకా తెల్లని చర్మం, పక్కనుంచి వెలుగు పడిన మంచు. ఇది దురుద్దేశంతో రాసింది కాదు. దేన్నైనా ఎక్కడైనా పెట్టుకునే స్వేచ్ఛ మీదేనని పుస్తకం పొడుగునా చెప్తూనే ఉంటాడు. కానీ పట్టిక చేసే పని వేరు. అది అలవాటుని నేర్పుతుంది. పైగా ఆడమ్స్ ఉదాహరణల్లో ఎక్కువభాగం కొండలూ మంచూ చెట్లూ. యోసెమిటీ గ్రానైట్‌కి తను ఏ మెట్టు మీద ఉండాలన్న పట్టింపు లేదు. అక్కడ తెలుపు దారితప్పకుండా చూసుకోవడమే కడగడంలోని ధర్మం.

మన దగ్గర షీట్ ఫిల్మ్ ముందు ఎక్కువగా కూర్చునేది కొండ కాదు, మనిషి. నల్లని మొహం, తెల్లని పంచె. మా పెదనాన్నని ఊళ్ళో అరుగు మీద కూర్చోబెట్టి తీశాను. నడుం పైభాగం చూరు నీడలో, మోకాళ్ళ మీది పంచె ఎండలో. మొహాన్ని 5 మీద పెడితే పంచె 10కి వెళ్ళింది. పుస్తకం ప్రకారం జవాబు తేలిక: రెండు మెట్లు దించు, అంటే 11 నిమిషాలకి బదులు 7. కానీ సమయం తగ్గిస్తే దిగేది పంచె ఒక్కటే కాదు. మొహంలో చెమట మెరుపుకీ, బుగ్గ గుంటకీ మధ్య ఉన్న తేడా కూడా కుదించుకుపోతుంది. నల్లని చర్మం అందమంతా ఆ మెరుపులోనే ఉంది, అది మధ్య మెట్లలో ఒకటిన్నర మెట్ల జాగాలో జరిగే వ్యవహారం. 7 నిమిషాలకి అది మట్టిరంగు ముద్దలా అణుగుతుంది. 11 నిమిషాలకి మొహం బతుకుతుంది, పంచె ఉత్త కాగితం అవుతుంది. నెగటివ్‌లో ‘సరైన సమయం’ అన్నదాని అర్థం ఇక్కడ బయటపడుతుంది: ఈ మనిషిలో ఏది ముఖ్యం?

ఒకే ఎక్స్‌పోజర్‌తో రెండు షీట్లు తీసి, ఒకటి 11, ఒకటి 7 కడిగి, రెండిటినీ ఒకే గ్రేడు మీద ప్రింటు చేసి పెదనాన్నకి చూపించాను. నా ఓటు 11కే. ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, 7 నిమిషాలది తీసుకున్నాడు.

“ఇందులో అంచు కనపడతంది. దాంట్లో మొత్తం కొట్టుకుపోయింది గదరా.”

“మొహం దాంట్లోనే బాగుంది పెదనాన్నా.”

“నా మొహం నాకు తెలవదా? ఈ పంచె మీ అక్క పెళ్ళికి కట్టుకున్నది.”

ఆడమ్స్ విజువలైజేషన్‌లో లేనిది ఇదే. అక్కడ మనసు ఒక్కటే, ఫోటో తీసేవాడిది. కొండ ఎదురుచెప్పదు కాబట్టి ఆ సిద్ధాంతానికి ఆ లోటు తెలియలేదు. మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు, ఏది ముఖ్యమో ఆయనకీ ఒక లెక్క ఉంటుంది. మన స్టూడియోలవాళ్ళకి ఇది ఎప్పుడో తెలుసు. అయితే వాళ్ళు దాన్ని ఇంకోవైపు లాగారు. మొహాన్ని ఒక మెట్టు పైకి జరిపి, నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసి, అందర్నీ కాస్త తెల్లగా చేసి పంపించారు. అడిగినవాళ్ళూ ఉన్నారు, అడక్కపోయినా చేసినవాళ్ళూ ఉన్నారు. 6వ మెట్టు పట్టికలో చదవకుండానే మనవాళ్ళకి అలవాటైపోయింది. ఎన్ని నిమిషాలు, ఏ మెట్టు అన్న ప్రశ్నలు రసాయనంతో మొదలై ఇక్కడిదాకా వస్తాయి.

ఇంకో సాక్ష్యం ఆడమ్స్ సొంత బొమ్మలోనే దొరుకుతుంది. ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూ మెక్సికో’. కారులో వెళ్తుండగా, చిన్న ఊరు, స్మశానంలో తెల్ల శిలువల మీద చివరి ఎండ, పైన చంద్రుడు. మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి కాంతి చదరపు అడుగుకి 250 క్యాండిల్స్ అని గుర్తుంది. దాన్ని 7వ మెట్టు మీద పెట్టి, ఫిల్టర్‌కి మూడు రెట్లు కలుపుకుని, ఎఫ్/32 దగ్గర ఒక సెకను ఇచ్చాడు. నిలబడ్డచోట నోటిలెక్క. రెండో షీట్ తీసేలోపు శిలువల మీద ఎండ పోయింది. జోన్ సిస్టమ్ గొప్పదనానికి అందరూ చెప్పే కథ ఇది. నాకు మాత్రం దీని తర్వాతి సగమే ఎక్కువ ఆసక్తి. నీడల్లో ఉన్న ముందుభాగానికి ఎంత వెలుగు అందిందో ఆయనకి తెలియదు. అందుకని మామూలుగా కడగలేదు. డెవలపర్లో కాసేపు, కదల్చని నీళ్ళలో కాసేపు, ఇలా మార్చి మార్చి ముంచాడు. నీళ్ళలో ఉన్నప్పుడు వెలుగుల దగ్గర డెవలపర్ త్వరగా అయిపోతుంది, నీడల దగ్గర మిగిలినది పనిచేస్తూ ఉంటుంది. అయినా ముందుభాగం పలచగానే వచ్చింది. కొన్నేళ్ళ తర్వాత ఆ భాగాన్ని ఇంటెన్సిఫైయర్‌లో ముంచి చిక్కబరిచాడు.

పైగా ఆ ప్రింటు మారుతూ వచ్చింది. తొలినాళ్ళ ప్రింట్లలో ఆకాశంలో లేత మబ్బులు కనిపిస్తాయి. తర్వాతి దశాబ్దాల్లో అదే ఆకాశం దాదాపు నల్లగా అయిపోయింది. జనం మనసులో నిలిచిపోయిన ‘మూన్‌రైజ్’ ఆ రెండోది. షట్టర్ నొక్కేటప్పుడే ప్రింటు మనసులో కనిపించాలన్న మనిషి, అదే నెగటివ్‌లో పాతికేళ్ళకి ఇంకో బొమ్మ చూశాడు. ఎక్స్‌పోజర్ లెక్క అంకెతో సహా గుర్తున్నాయనకి, ఆ ఫోటో ఏ సంవత్సరం తీశాడో సరిగ్గా గుర్తులేకపోవడం ఇంకో తమాషా. చంద్రుడి స్థానాన్ని బట్టి లెక్కగట్టి, అది 1941 నవంబరు 1 అని ఇతరులు తేల్చాల్సి వచ్చింది.

దీన్నిబట్టి పుస్తకం సిద్ధాంతం తప్పని నేననను. నీడలకి తగినంత ఇవ్వాలన్న సగం నిక్కచ్చిగా నిలబడుతుంది, ఫిల్ముకి సోకని వెలుగుని ఎవరూ తర్వాత తేలేరు. మారాల్సింది రెండో సగం. సరైన సమయమంటే మనసులో ఉన్న ఒక్క ప్రింటుకి అతికినట్టు సరిపోయేది కాదు. రేపు నేను ఇంకోలా చూస్తే, లేదా ఎదురుగా కూర్చున్నాయన ఇంకోలా అడిగితే, వాళ్ళకీ చోటు మిగిల్చేది. ఆడమ్స్ నెగటివ్‌లు ఆ పని చేశాయి. ఆడమ్స్ పుస్తకం ఆ మాట చెప్పలేదు.

ఈ పుస్తకం కొనొచ్చా? షీట్ ఫిల్మ్ వాడేవాళ్ళు కొనాలి, రీలు వాడేవాళ్ళూ మొదటి నాలుగు అధ్యాయాలు చదవాలి. ఫోటోలు తియ్యని పాఠకులకి మొదటి అధ్యాయమూ, బొమ్మల కింద ఆయన రాసిన చిన్న వివరణలూ చాలు. ఆయన వచనం అన్నిటికంటే బాగున్నది అక్కడే. ఫలానా చోట ఏం చూశాను, దేన్ని వదిలాను, ఏం అనుకున్నట్టు రాలేదు అని నాలుగైదు వాక్యాల్లో చెప్పేస్తాడు. అనుబంధంలోని పరీక్షలకి ఒక శని, ఆదివారం, ఓ పది షీట్లు కేటాయించండి. వచ్చిన అంకెని పెన్సిల్‌తో డబ్బా మీద రాసుకోండి, పెన్నుతో వద్దు. తర్వాత గోడల్ని వదిలేసి మనుషుల దగ్గరికి వెళ్ళండి. ఇద్దరి కోసం రెండు షీట్లు తియ్యండి, ఒకటి మీకు, ఒకటి వాళ్ళకి. మా పెదనాన్న ఇంట్లో ఇప్పుడు గోడకున్నది 7 నిమిషాల ప్రింటు. 11 నిమిషాలది నా దగ్గరుంది.